లోన్ తీరకుండానే కారు మార్చాలనుకుంటున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. వెనక సీట్లో చంటిదాని సీటు బిగించాక మీ అత్తయ్యగారూ మామయ్యగారూ ఇరుక్కుని కూర్చోవాల్సి వస్తోందని, పెద్ద బండి తీసుకుందామనుకుంటున్నారని అన్నావు. కారణం సబబైనదే. షోరూం వాళ్లే పాత బండి తీసుకుని దాని లోన్ సంగతి కూడా చూసుకుంటారని, ఈఎంఐ కాస్తే పెరుగుతుందని సంబరంగా చెప్పావు. ఆ మాట దగ్గరే నాకు బెంగ పట్టుకుంది. బ్యాంకులో వెహికల్ లోన్ల సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి కదా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

అక్కడ ఒకేసారి మూడు బేరాలు నడుస్తున్నాయమ్మా. పాత బండి అమ్మకం, పాత అప్పు తీర్చడం, కొత్త బండి కొనడం. మూడింటినీ కలిపి ఒక్క ఈఎంఐ అంకె చేసి చేతిలో పెడితే ఏ బేరంలో ఎంత పోయిందో తెలియదు. ఈఎంఐ తగ్గించి చూపించడం చాలా తేలిక, నెలలు పెంచితే సరిపోతుంది. కాబట్టి మూడింటినీ విడివిడిగా కాగితం మీద రాయించు.

ముందు అప్పు సంగతి. మీరు 8 లక్షలు 9.5 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకున్నారు, నెలకు 13,075 చొప్పున మూడేళ్లు కట్టారు. అంటే ఇప్పటిదాకా చేతినుంచి వెళ్లింది 4 లక్షల 70 వేలు. దాంతో బాకీ మూడున్నర లక్షలకు దిగి ఉంటుందని నీ లెక్క. నిజానికి ఇంకా సుమారు 5 లక్షల 20 వేలు ఉంటుంది. మొదటి ఏళ్లలో కట్టేదాంట్లో చాలా భాగం వడ్డీకే పోతుంది, అసలు కదిలింది 2 లక్షల 80 వేలే. యాప్‌లో కనిపించే అంకె కూడా పట్టుకోకు. లోన్ ముందే తీర్చేయాలంటే ఎంత కట్టాలో చూపించే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ఇమ్మని బ్యాంకుని అడుగు. అందులో మిగిలిన అసలు, ఆ రోజు వరకు వడ్డీ, ఎప్పుడో ఒక నెల ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ బౌన్సయితే దాని చార్జీ, ముందే తీరుస్తున్నందుకు ఫోర్‌క్లోజర్ చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇవన్నీ వరుసగా ఉంటాయి. ఆ స్టేట్‌మెంట్ ఏ తేదీ దాకా చెల్లుతుందో కింద రాసి ఉంటుంది, దాటితే రోజుకింత అని వడ్డీ కలుస్తుంది. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి కాబట్టి ఫోర్‌క్లోజర్ చార్జీ వేస్తారు. ఎంతో మీ లోన్ అగ్రిమెంట్‌లో ఉంటుంది. 4 శాతం అనుకుందాం, జీఎస్టీతో కలిపి పాతిక వేలు. అంటే మీరు బయటపడాలంటే కట్టాల్సింది దాదాపు 5 లక్షల 45 వేలు.

షోరూం వాళ్లు మీ బండికి చెప్పిన ధర 4 లక్షల 80 వేలు. ఎటు చూసినా 65 వేలు తక్కువ పడుతోంది. ‘ఫర్వాలేదు మేడమ్, కొత్త లోన్‌లో సర్దేస్తాం’ అని వాళ్లు అన్నది దీని గురించే. ఆ 65 వేలు అదే వడ్డీతో మళ్లీ ఏడేళ్లకు ఎక్కితే నెలకు 1,062 చొప్పున మొత్తం 89 వేలు కడతారు. అది కూడా మీ ఇంటి ముందు లేని బండి కోసం. పైగా పాత బండి డబ్బంతా పాత అప్పుకే పోయింది కాబట్టి కొత్తదానికి డౌన్‌పేమెంట్ సున్నా. కొత్త బండి షోరూం గడప దాటగానే ధర పడిపోతుంది, అప్పు మాత్రం నిండుగా ఉంటుంది. రెండు మూడేళ్లకు మళ్లీ మార్చాలన్నా, ఖర్మకాలి పెద్ద ప్రమాదం జరిగి బండి పనికిరాకుండా పోయినా, ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ బాకీకీ మధ్య ఇంకా పెద్ద గొయ్యి ఉంటుంది. ఆ తేడా ఎంతున్నా జేబులోంచే కట్టండి. కట్టే వెసులుబాటు ఇప్పుడు లేకపోతే ఆగండి. ఇంకో ఏడాది ఈఎంఐలు కడితే మీ బాకీ 4 లక్షల 8 వేలకు దిగుతుంది, అంటే లక్షా పన్నెండు వేలు తగ్గినట్టు. బండిని జాగ్రత్తగా చూసుకుంటే దాని ధర ఏడాదిలో అంత పడదు. సీటు ఇరుకు ఏడాది ఓర్చుకోగలిగేదే, ఊరెళ్లేటప్పుడు పెద్ద బండి అద్దెకు తీసుకోవచ్చు.

ఇక పాత బండి ధర. మూడేళ్ల బండికి ఇంత తక్కువా అని అల్లుడుగారు బాధపడ్డారన్నావు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28 శాతం, దాని మీద సెస్సు ఉండేవి. కొత్తది చవకయ్యేసరికి పాతది కొనేవాడు ఆ కొత్త ధర పక్కన పెట్టి చూస్తాడు. అందులో షోరూం తప్పేమీ లేదు. అలాగని వాళ్లు చెప్పిన మొదటి ధరకే ఒప్పుకోవద్దు. ట్రూ వ్యాల్యూ, స్పిన్నీ, కార్స్24 లాంటి పాత కార్లు కొనే రెండు మూడు చోట్ల చూపించు. సర్వీసు రికార్డు, రెండో తాళం, ఇన్సూరెన్స్ కాగితం దగ్గర పెట్టుకో. చూసేవాడు పెయింట్ మందం కొలిచే మీటరు డోరు డోరుకీ ఆనించి చూస్తాడు, ఎక్కడ మళ్లీ రంగు వేయించారో దానికి తెలిసిపోతుంది. కాబట్టి ఆ వెనక డోరు గీత గురించి ముందే చెప్పేయండి, బేరం మధ్యలో బయటపడితే ఉన్న ధర కూడా కోస్తారు. ఎక్స్‌ఛేంజ్ బోనస్ అని నలభై వేలు చూపిస్తే, ముందు బోనస్ లేకుండా బండి ధర ఎంత, పాత బండి ఇవ్వకపోతే కొత్తదాని ధర ఎంత అని రెండు ప్రశ్నలు అడుగు. బయట 5 లక్షల 20 వేలు వస్తున్న బండిని 4 లక్షల 80 వేలకు తీసుకుని నలభై వేల బోనస్ ఇస్తే అది బోనస్ అనిపించుకోదు.

నన్నడిగితే, ఎఫ్‌డీ ఏదైనా ఉంటే దాంతో లోన్ ముందే తీర్చేసి, ఆర్‌సీ శుభ్రం చేసుకుని, ఆ తర్వాత అమ్మమంటాను. మీ ఆర్‌సీ తీసి చూడు, అందులో బ్యాంకు పేరు ఉంటుంది. దాన్నే హెచ్‌పీ అంటారు, అంటే బండి అప్పు కింద బ్యాంకుకి తాకట్టులో ఉన్నట్టు. అది ఉన్నంతకాలం బండి పూర్తిగా మీది కాదు, బ్యాంకు ఒప్పుకోకుండా ఇంకొకరి పేరు మీదికి మారదు. లోన్ తీరాక బ్యాంకు తనకు అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ పత్రం ఇచ్చి, తాకట్టు తీసేయడానికి వాడే ఫారం 35 మీద సంతకం చేస్తుంది. అవి పెట్టి రవాణా శాఖలో హెచ్‌పీ తీయించుకోవాలి. ఎన్‌ఓసీ రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, దానికి గడువు కూడా ఉంటుంది, బీరువాలో పెట్టి మర్చిపోవద్దు. హెచ్‌పీ లేని బండికి కొనేవాళ్లు ఎక్కువమంది వస్తారు, ధర కూడా నిలబడుతుంది.

ఎఫ్‌డీ కదపడం ఇష్టం లేక షోరూం చేతే లోన్ కట్టిస్తామంటారా, సరే. కానీ ఆ డబ్బు నేరుగా మీ లోన్ ఖాతాలోకే పడాలి, బండి తాళాలు ఇచ్చిన రోజే పడాలి. మా బ్రాంచికి ఒకాయన హౌసింగ్ లోన్ కోసం వచ్చాడు. అప్పులు ఎలా కడుతున్నామో చూపించే సిబిల్ రిపోర్టు తీసి చూస్తే కారు లోన్ మూడు నెలలు బాకీ ఉంది. బండి ఎప్పుడో ఇచ్చేశాను కదా అంటాడు పాపం. తీసుకున్న డీలరు ఇవాళ కడతాం రేపు కడతాం అంటూ జాప్యం చేశాడు, మచ్చ మాత్రం ఈయన రికార్డుకి అంటుకుంది. లోన్ క్లోజయిందని బ్యాంకు కాగితం చేతికి వచ్చేదాకా ఈఎంఐ ఆపవద్దు. ఒకటి ఎక్కువ కట్ అయితే తిరిగి వస్తుంది. ఆ తర్వాత నెలాగి సిబిల్ రిపోర్టులో క్లోజ్డ్ అని పడిందో లేదో చూడు.

పేరు మార్పిడి విషయంలో అస్సలు మొహమాటపడవద్దు. షోరూంలో పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 ఖాళీవి ఇచ్చి సంతకం పెట్టమంటారు, మిగతావి మేం నింపుకుంటాం అంటారు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్ ప్రకారం అధీకృత డీలరుకి పాత బండి అప్పగించినప్పుడు ఆ సంగతి ఫారం 29సి ద్వారా ఆర్‌టీఓకి తెలియజేయాలి. అది జరిగిందా అని అడుగు, నకలు తీసుకో. బండి అప్పగించిన తేదీ, టైము, మీటరు రీడింగుతో ఒక రసీదు కూడా తీసుకో. ఆర్‌సీలో పేరు మారనంతకాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నడిపితే కోర్టు నోటీసు నీ పేరు మీద వస్తుంది తల్లీ. చలాన్లయితే చెప్పనే అక్కర్లేదు. ఉన్న చలాన్లు కట్టేసి, ఫాస్టాగ్ క్లోజ్ చేయించాకే బండి పంపు. లేకపోతే వాళ్ల ప్రయాణాలకు టోల్ నీ ఖాతాలోంచి పోతుంది.

కొత్త బండి ఎవరి పేరున అన్నది కూడా ఆలోచించండి. మూడేళ్లుగా క్లెయిమ్ చేయలేదు కాబట్టి నీకు ఇన్సూరెన్స్‌లో 35 శాతం ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్, వచ్చి ఉండాలి. అది బండికి కాదు, మనిషికి వచ్చే తగ్గింపు. ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త బండి మీద వాడుకోవచ్చు. కొత్త పాలసీలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం, 20 వేలుంటే 7 వేలు తగ్గుతుంది. అయితే కొత్త బండి కూడా నీ పేరు మీదే ఉండాలి. ఇక్కడే ఇంకో మెలిక. తెలంగాణలో ఒకరి పేరున కారు ఉండగా రెండోది రిజిస్టరైతే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ, 12 లక్షల బండికి 24 వేలు. పాతది నీ పేరు నుంచి పోకముందే కొత్తది నీ పేరున రిజిస్టర్ చేయిస్తే ఆ దెబ్బ తగులుతుంది. పాతది మారేదాకా ఆగగలిగితే నీ పేరునే తీసుకో, ఆగలేకపోతే అల్లుడుగారి పేరున తీసుకుని ఎన్‌సీబీ సర్టిఫికెట్ దాచుకో. షోరూం వాడు ఇన్సూరెన్స్ తనే వేస్తానంటాడు, బయట కొటేషన్ ఒకటి తెప్పించి పక్కన పెట్టి చూడు. బండి 10 లక్షలు దాటితే అమ్మేటప్పుడే షోరూం వసూలు చేసే 1 శాతం పన్ను, టీసీఎస్, కడతారు, అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో తిరిగి లెక్కకు వస్తుంది కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు.

సోమవారం బ్యాంకుకి వెళ్లి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకో. దాన్నీ షోరూం కొటేషన్‌నీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్. అడ్వాన్సు అప్పటిదాకా కట్టకండి. వాళ్లు ఈ ఆఫర్ ఇవాళ్టితో ఆఖరంటే, మా మామయ్య చూడాలన్నాడని చెప్పు. అత్తయ్య చంటిదాన్ని అడుగుతోంది, ఆదివారం వీడియో కాల్ చెయ్యండి.

ఇట్లు,
మీ మామయ్య