డ్రమ్మర్ వెనకే వెళ్ళండి

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు ఓ పాత రికార్డుల కొట్లో జాజ్ శాక్సఫోన్ కళాకారుడు లూ డొనాల్డ్‌సన్ ‘ఎలిగేటర్ బూగలూ’ ఎల్‌పీ కొన్నాను. ఇంటికొచ్చాక మావాడు ‘ఇది రీఇష్యూ నాన్నా, తర్వాత మళ్ళీ వేసింది, ఒరిజినల్ కాదు’ అన్నాడు. మోసపోయానంటారా? ఈ తరహావి ఇంకేం వినాలి?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాకినాడ

జవాబు: మోసమేం లేదు మాస్టారూ. ఒరిజినల్ 1967 నాటిది. గీతల్లేని కాపీ కావాలంటే జేబు బరువుగా ఉండాలి. నేను రీఇష్యూలే కొంటాను.

అయితే రీఇష్యూలన్నీ ఒకటి కావు. చవగ్గా వస్తోందని ఒకటి కొని నేనూ దెబ్బతిన్నాను. అట్ట మీద అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి, పాత అట్టనే ఫొటో తీసి అచ్చేసినట్టు. లోపల సింబల్స్, అదే డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్ళేలు, ఇసుక రాలినట్టు వినిపించాయి. అప్పట్నుంచీ అట్ట వెనక చిన్నక్షరాలు చదవందే డబ్బు తియ్యను. ఏ టేపు నుంచి, ఎవరు కట్ చేశారో, అంటే టేపులోని పాటని గాడులుగా ఎవరు చెక్కారో రాస్తే సగం టెన్షన్ పోతుంది. రికార్డుని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, చివరి పాటకీ లేబుల్‌కీ మధ్య నున్నటి జాగా చూడండి. అక్కడ ‘వాన్ గెల్డర్’ ముద్ర ఉంటే, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో స్టూడియో నడిపిన రూడీ వాన్ గెల్డర్ కట్టింగ్ నుంచి వచ్చిందన్నమాట. లేకపోయినా బెంగ వద్దు. మీ రికార్డు తీసిన బ్లూ నోట్ కంపెనీ 2019లో మొదలెట్టిన టోన్ పొయెట్ సిరీస్‌కి కెవిన్ గ్రే పాత టేపుల నుంచి మళ్ళీ కట్ చేశారు. నా చెవికి అవి బ్రహ్మాండం.

ఇక ఏం వినాలంటారా? ముందు మీ రికార్డే ఇంకోసారి వినండి. శాక్సఫోన్, కార్నెట్ (ట్రంపెట్ లాంటిది), గిటార్, ఆర్గన్, డ్రమ్స్. ఐదుగురే. బాస్ వాయించేవాడు లేడు! కింద నడిచే ఆ బరువైన స్వరం ఆర్గన్ మీద లానీ స్మిత్‌దే. గిటార్ జార్జ్ బెన్సన్, అప్పటికింకా కుర్రాడు. డ్రమ్స్ దగ్గర లియో మారిస్ అనే పేరుంటుంది. ఆ న్యూ ఆర్లియన్స్ మనిషే తర్వాత ఇద్రీస్ ముహమ్మద్ అయ్యాడు. ఆయన వెనకే వెళ్ళండి.

1970లో గిటారిస్టు గ్రాంట్ గ్రీన్ ‘ఎలైవ్’ ఉంది. న్యూఆర్క్‌లోని క్లిషే లౌంజ్‌లో జనం మధ్య రికార్డు చేశారు. అందులో ఇద్రీస్ చెయ్యి ఎక్కడా తొందరపడదు, కానీ మనకే కాలు ఆగదు. తర్వాత 1974లో కుడు అనే రికార్డు కంపెనీ మీద ఆయన సొంత ఆల్బమ్ ‘పవర్ ఆఫ్ సోల్’. గ్రోవర్ వాషింగ్టన్ శాక్సఫోన్, బాబ్ జేమ్స్ కీబోర్డ్స్. ఇక్కడికొచ్చేసరికి బాస్ గిటార్ కూడా చేరింది, మీ రికార్డులో విన్న సోల్ జాజ్ కాస్తా, బాస్, డ్రమ్స్ ముందుకొచ్చే జాజ్ ఫంక్ అయిపోయింది. ఇది కమర్షియల్ సరుకని అప్పట్లో మొహం తిప్పుకున్న విమర్శకులున్నారు. తర్వాత హిప్ హాప్ కుర్రాళ్ళు ఆ డ్రమ్ ముక్కలు తమ పాటల్లోకి ఏరుకున్నాక గిరాకీ లేచొచ్చింది.

ఈ రెండూ అబ్బాయిని తెమ్మనండి. చెకిన్ లగేజీలో మాత్రం వద్దు, చేతిసంచీలో నిలువుగా పెట్టుకోమనండి. నాదొకటి సూట్‌కేసులో వచ్చి అప్పడంలా వంగి దిగింది.