దక్షిణ ధ్రువానికి స్కీలపై వెళ్లాలంటే ఎలా సిద్ధం కావాలి?

ఈ ప్రశ్నకు చాలామంది చలిని తట్టుకోవడం గురించే చెబుతారు గానీ, నా దృష్టిలో అంతకంటే ముఖ్యం ఒంటికి చెమట పట్టకుండా నడవడం నేర్చుకోవడం. అంటార్కిటికా అంచున ఉన్న హెర్క్యులిస్ ఇన్‌లెట్ నుంచి ధ్రువం సుమారు 1,130 కిలోమీటర్లు. దాదాపు సముద్ర మట్టం నుంచి 2,800 మీటర్ల ఎత్తు దాకా, తరచుగా ఎదురుగాలిలో, తిండి, ఇంధనం, గుడారం నింపిన స్లెడ్జిని నడుముకు కట్టుకుని లాగాలి. ఆ శ్రమకు లోపలి బట్టలు తడిస్తే, ఆగిన కాసేపటికే ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే బయలుదేరేటప్పుడు కాస్త చలి అనిపించేంత పలచగానే బట్టలు వేసుకుని, విరామానికి ఆగగానే మందపాటి జాకెట్ తొడుక్కుని, ఆ తర్వాతే నీళ్ల సీసా మూత తీయాలి.

శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి తొలి నెలల్లో మంచు అక్కర్లేదు. పాత టైర్లను తాడుతో నడుముకు కట్టుకుని గంటల తరబడి లాగడమే అసలైన సాధన. 2022 జనవరి 3న, 40 రోజుల ఒంటరి ప్రయాణం తర్వాత ధ్రువం చేరిన భారత సంతతి బ్రిటిష్ సైనికాధికారి ప్రీత్ చాందీ కూడా అలాగే టైర్లు లాగారు. తర్వాత నార్వే వంటి చోట, చేతి తొడుగులు తీయకుండానే గాలిలో గుడారం వేయడం, స్టవ్ వెలిగించి మంచు కరిగించుకోవడం చేతులకు అలవాటు కావాలి. రోజుకు 5,000 కేలరీలు తిన్నా బరువు తగ్గుతారు కనుక, ముందే కొంత ఒళ్లు చేయడం మంచిది.