టీకాలు, సూదులు వేయించినా దూడలు ఎందుకు దక్కడం లేదు?

ప్రశ్న: మాకు 9 గ్రేడెడ్ ముర్రా గేదెలు ఉన్నాయి. పాలు కేంద్రానికి పోస్తాం. ఈ ఏడాది 7 దూడలు పుడితే 4 చనిపోయాయి. వాటిలో మూడు దున్నదూడలు. అన్నీ రెండు నెలలు దాటాకే పోయాయి. మొదట బొచ్చు గరుకుగా లేస్తుంది, డొక్కలు పీక్కుపోతాయి, పొట్ట మాత్రం కిందికి జారుతుంది. తర్వాత పారుడో దగ్గో పట్టుకుంటుంది. డాక్టరు గారు సూదులు వేస్తే నాలుగు రోజులు తేరుకుని మళ్లీ పడిపోతున్నాయి. నాలుగు నెలలు నిండిన దూడకు గాలికుంటు టీకా వేయించినా అదీ దగ్గుతో పోయింది. మిగిలిన మూడింటికి వ్యాధి నిరోధక శక్తి పెంచే ఇంజెక్షను గానీ టానిక్ గానీ ఉంటే చెప్పగలరు.
– ఒక పాడిరైతు, ప్రకాశం జిల్లా

జవాబు: కడుపు నిండని దూడకు నిరోధక శక్తి తెచ్చిపెట్టే ఇంజెక్షను ఏదీ లేదండీ. ఉంటే తప్పకుండా రాసేవాడిని. మీ దూడలు చిక్కిపోవడం ముందు మొదలైంది, పారుడు, దగ్గు ఆ తర్వాత వచ్చాయి. మీరు రాసిన ఈ వరుసలోనే జవాబు ఉంది. ఆకలితో ఒళ్లు తగ్గిన దూడను దారిన పోయే జబ్బు కూడా పడగొడుతుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. సంగతి తెలిస్తే టానిక్కులకు పెట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

లేగదూడ మెడలో, గొంతు గొట్టానికి రెండు పక్కలా గుండె దాకా థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టి-కణాలనే తెల్లకణాలు తయారయ్యేది అక్కడే. బాగా పాలు తాగే దూడలో ఇది పెద్దగా, లేత రంగులో కనిపిస్తుంది. బక్కచిక్కి చనిపోయిన దూడను కోసి చూస్తే ఆ చోట సన్నటి పొర తప్ప ఏమీ మిగలదు. పస్తు ఉన్న ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, కొవ్వు కరిగే కొద్దీ లెప్టిన్ అనే మరో హార్మోను తగ్గుతుంది. ఈ రెండిటి వల్ల థైమస్‌లో తయారవుతున్న లేత కణాలు అక్కడే చచ్చిపోతాయి. జింకు లోపిస్తే ఈ గ్రంథి ఇంకా త్వరగా కుంచించుకుపోతుంది.

ఇక ఉన్న కణాల సంగతి. సూక్ష్మజీవి లోపలికి వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టే కణాలు మొదట కొద్దిగానే ఉంటాయి. అవి కొన్ని రోజుల్లోనే వేలకు వేలుగా పెరగాలి. ప్రతి కొత్త కణానికీ మాంసకృత్తులు, శక్తి కావాలి. జ్వరం ఒక్క డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితేనే ఒంటి ఖర్చు దాదాపు పదో వంతు పెరుగుతుంది. ఇంత ఖర్చు మోయలేకనే చాలాసార్లు చిక్కిన దూడకు జ్వరం కూడా రాదు. అందుకే చెవులు పట్టుకుని చూసి "వేడి లేదు, బాగానే ఉంది" అనుకోవద్దు. పొదుగు దగ్గరికి ఉరకడం మానేసిందంటే జబ్బు అప్పటికే ముదిరినట్టు.

సూదులకు తేరుకుని మళ్లీ పడిపోవడానికీ కారణం ఇదే. టెట్రాసైక్లిన్ వంటి మందులు సూక్ష్మజీవిని పెరగకుండా ఆపుతాయి. దాన్ని మింగి చంపి ఒళ్లు శుభ్రం చేయాల్సింది దూడ తెల్లకణాలే. పోషణ లేని దూడ రక్తం పరీక్షిస్తే ఈ మింగే కణాల లెక్క సరిగ్గానే ఉండొచ్చు, ఒక్కోసారి ఎక్కువే కనిపించొచ్చు. కానీ మింగిన సూక్ష్మజీవిని చంపే సత్తువ వాటిలో తగ్గిపోయి ఉంటుంది. మందు ఆపగానే జబ్బు తిరగబెడుతుంది. ఇందులో డాక్టరు గారి పొరపాటు లేదు.

టీకా కూడా అంతే. టీకా అందించేది గుర్తు మాత్రమే, కణాలను పెంచుకోవాల్సింది దూడ ఒళ్లే. బలహీనమైన దూడలో టీకా సరిగా పనిచేయకపోవచ్చు. ఇంకొక మాట కూడా చెప్పాలి: గాలికుంటు టీకా గాలికుంటునే ఆపుతుంది. మీ దూడను తీసుకుపోయిన దగ్గుకూ దానికీ సంబంధం లేదు. టీకా వేయించడం మాత్రం మానొద్దు. గాలికుంటుకు నాలుగు నెలల వయసులో మొదటిది, నెల తర్వాత బూస్టర్, గొంతువాపుకు ఆరు నెలలు నిండాక వేయించాలి.

మీ దూడలు రెండు నెలలు దాటాకే ఎందుకు పోతున్నాయో కూడా చూద్దాం. గేదె కడుపులో ఉన్నప్పుడు దూడకు తల్లి నుంచి రక్షణ పదార్థాలు అందవు. అవి జున్నుపాలలోనే వస్తాయి. దూడ పేగు వాటిని నేరుగా పీల్చుకునేది మొదటి కొన్ని గంటలే, ఒక రోజు గడిస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదనే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. అది దూడకు తీరని అన్యాయం. ఈనిన గంట రెండు గంటల్లోనే కడుపు నిండా తాగించాలి. తాగితే మాయ పడడానికీ మేలే. అలా వచ్చిన తల్లి రక్షణ రోజురోజుకూ తరిగిపోతుంది. రెండు, మూడు నెలలకల్లా దూడ సొంత కణాలు పని అందుకోవాలి. సరిగ్గా ఆ నెలల్లోనే మనం పాలు తగ్గించి వరిగడ్డి వేస్తున్నాం.

పాలు ఎంత ఇస్తున్నారో మీరు రాయలేదు. చేపుకు దూడను వదిలి, చేపగానే లాగి కట్టేసి, పితికిన పొదుగు చీకమని వదలడమే చాలా ఇళ్లలో జరుగుతున్నది. పుట్టినప్పుడు 30 కిలోలున్న దూడకు మొదటి నెల బరువులో పదో వంతు, అంటే రోజుకు 3 లీటర్లు కావాలి. రెండో నెలలో బరువులో పదిహేనో వంతు, మూడో నెలలో ఇరవయ్యో వంతు చాలు. పూటకు ఒక చన్ను పూర్తిగా దూడకే వదిలితే చాలావరకు సరిపోతుంది. లీటరు పాల ధర చూస్తే ఇది కష్టమేనని తెలుసు. మూడు, నాలుగేళ్లకు పాలిచ్చే పడ్డ చేతికొచ్చినప్పుడు ఆ లెక్క వేరుగా ఉంటుంది. దున్నదూడలకు ఆ ఆశ లేదు కాబట్టే వాటి వంతు పాలు ముందు తగ్గుతాయి. పోయిన నాలుగింటిలో మూడు అవే కావడం నాకు బాధ కలిగించింది. పాలు చాలక నీరసించిన దున్నదూడకు పట్టిన పారుడు పక్కనున్న పెయ్యదూడకూ అంటుకుంటుంది, అది మరవొద్దు.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు, విటమిన్-ఎ కి ఆధారమైన కెరోటిన్ దాదాపు శూన్యం. పేగుల, ఊపిరితిత్తుల లోపలి పొర గట్టిగా ఉండాలంటే విటమిన్-ఎ కావాలి. పచ్చిమేత కొద్దిగానైనా రోజూ వేయండి. లేత జొన్న వద్దు, అందులో విషం ఉంటుంది. రెండో వారం నుంచే దాణా అలవాటు చేయండి: ముతకగా మరపట్టిన మొక్కజొన్న 50 పాళ్లు, వేరుశనగ చెక్క 30, తవుడు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. చెక్కకు బూజు పట్టి ఉంటే పారేయండి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ నిరోధక కణాలను నేరుగా దెబ్బతీస్తుంది. జింకు, రాగి ఖనిజ మిశ్రమం నుంచే అందుతాయి.

పొట్ట జారడం చూస్తే ఏలిక పాములు కూడా ఉండొచ్చు. గేదె దూడల్లో ఇవి తల్లిపాల ద్వారానే వస్తాయి, అందుకే నెల నిండని దూడ కూడా మట్టి రంగులో, దుర్వాసనతో పారుతుంది. మనం పెట్టిన కొద్దిపాటి తిండిని కూడా అవే తినేస్తాయి. 10–14 రోజుల వయసులో పైపరజైన్ వంటి మందు తాగించి, తర్వాత ఆరు నెలల దాకా డాక్టరు చెప్పినట్టు నెలకోసారి ఇవ్వాలి.

ఇప్పుడున్న మూడు దూడలకు ఒక్కసారిగా పాలు పెంచొద్దు, పారుడు పట్టుకుంటుంది. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. పేడ పరీక్ష చేయించి నట్టల మందు, రక్తపారుడు ఉంటే దానికి మందు వేయించండి. గడ్డి మీదే బతికిన దూడకు విటమిన్-ఎ ఇంజెక్షను డాక్టరు వేస్తే మంచిదే, అయితే అది పాలకు బదులు కాదు. ముందు పాలకు, దాణాకు ఖర్చు పెట్టండి.

ఒళ్లు నిండినంత మాత్రాన లోపల అంతా కుదుటపడినట్టు కాదు. బొలీవియాలో పోషణ లోపించిన పసిపిల్లల మీద జరిగిన పరిశీలనలో బరువు సుమారు నెలలో కోలుకుంటే, థైమస్ కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. దూడకూ అంత గడువు ఇవ్వడం మంచిది. కనీసం రెండు నెలలు మంచి మేపు సాగించండి, వాటిని జబ్బు దూడలతో కలపొద్దు, సంతకు తోలొద్దు.

పదిహేను రోజులకోసారి టేపుతో ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిర్ర చివరి దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చినదాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే ఇంచుమించు కిలోల్లో బరువు వస్తుంది. రోజుకు 400 గ్రాములకు తగ్గకుండా పెరగాలి. రెండు కొలతల మధ్య పెరుగుదల అంతకన్నా తక్కువైతే జబ్బు కనిపించకపోయినా డాక్టరుకు చూపించండి. లేవలేని స్థితి వస్తే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇకమీదట దూడ పోతే పూడ్చేముందు పోస్టుమార్టం చేయించి, ఆ నివేదికతో మళ్లీ రాయండి.