బీపీకి ఉప్పు తగ్గిస్తే షుగర్, కొలెస్ట్రాల్ పెరుగుతాయా?

అమ్మగారి బీపీ 160 దాటిందని, డాక్టర్ ఉప్పు తగ్గించమన్నారని రాశారు. ఉప్పు తగ్గితే షుగరూ కొలెస్ట్రాలూ పెరుగుతాయని ఎక్కడో చదివి భయపడుతున్నారు. భయం వద్దు, తగ్గించండి. కాకపోతే నెమ్మదిగా.

మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు. ఉప్పు ఒక్కసారిగా బాగా తగ్గితే, ఉన్న సోడియం పోకుండా ఒళ్లు జాగ్రత్తపడుతుంది. రెనిన్, దాని వెనకే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతాయి. ఇన్సులిన్ కాస్త సరిగ్గా పనిచేయదు. 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఇది కనబడింది. అందులో పాల్గొన్నది ఆరోగ్యవంతులు. తిన్నది రోజుకు గ్రామున్నర లోపు ఉప్పు, అదీ వారమే. మన ఇళ్లలో అంత చప్పగా ఎవరు తింటారండీ! నెలకు తగ్గకుండా, రోజుకు సగటున 4 గ్రాముల పైచిలుకు ఉప్పు తగ్గించినవాళ్ల అధ్యయనాలన్నీ కలిపి 2013లో లెక్క చూశారు. బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 5 పాయింట్లు దిగింది, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది గానీ మొత్తం మానేయమనదు.

మాది టెక్కలి దగ్గర. మా అత్తయ్యకు బీపీ అని తేలగానే మామయ్య కూరల్లో ఉప్పు ఆపించేశారు. ఆవిడ కిక్కురుమనలేదు. చప్పటి బీరకాయ కూర పక్కకి నెట్టి, ఆవకాయ ఊటతో అన్నమంతా ఎర్రగా కలిపేసుకునేవారు! తర్వాత పద్ధతి మార్చాం. కూరలో ఉప్పు కొద్దికొద్దిగా తగ్గించి, చింతపండు పులుసు పెంచాం. ఆవకాయ ముక్క ఒకటే, ఊట లేకుండా. ఎండు నెత్తళ్లు వేడినీళ్లలో బాగా కడిగాకే పొయ్యి మీదకి. చోడి (రాగి) అంబలిలో ఉప్పు బదులు మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. ఇప్పుడు హోటల్ చట్నీ ఉప్పెక్కువని ఆవిడే పక్కన పెడుతున్నారు. బీపీ దిగింది. షుగర్, కొలెస్ట్రాల్ ఎప్పటిలాగే ఉన్నాయి. మాత్ర మాత్రం ఆపలేదు, మీరూ ఆపకండి.

మన శ్రీకాకుళం జిల్లాలో అసలు జాగ్రత్తపడాల్సింది 'లో సోడియం' ఉప్పు ప్యాకెట్ల దగ్గర. వాటిలో సోడియం కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు మంచిదే. కానీ కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో తెలిసిందే కదా, ఆ జబ్బు ముదిరేదాకా పైకి ఏమీ కనబడదు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది పేరుకుంటే గుండెకే ప్రమాదం. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అందుకే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం టెస్టులు చేయించి, డాక్టర్ సరేనంటేనే ఆ ప్యాకెట్ కొనండి. అమ్మగారు మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతూ, మే నెల ఎండల్లో కళ్లు తిరుగుతున్నాయంటే, సోడియం మరీ తగ్గిపోయిందేమో కూడా చూడమని అడగండి.