మెగాహెర్ట్జులు అడగబోయే ముందు

హైదరాబాద్

చిరంజీవి సుమతికి,

మామయ్య ఆశీస్సులు. ఏ ఫ్రీక్వెన్సీలను ఏ సేవకు వాడాలో దేశాలన్నీ కలిసి తేల్చుకునే ప్రపంచ రేడియో సదస్సు 2027లో జరగనుంది కదా, దాని కోసం మన దేశం చేస్తున్న సన్నాహాల్లో, మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌కు కొత్త బ్యాండ్లను, అంటే ఫ్రీక్వెన్సీ ముక్కలను, పరిశీలించే బృందంలో నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. నీవు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. భాష బాగుంది, లెక్కల్లో తప్పు దొరకలేదు. కానీ మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు "ఎన్ని మెగాహెర్ట్జులు కావాలి" అన్న ఒక్క ప్రశ్నే నడిచింది. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉండి పదవీ విరమణ చేసినవాణ్ణి గనుక, ఆ ప్రశ్న కంటే ముందు వేసుకోవలసినవి రెండున్నాయని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ బ్యాండును మనతోపాటు ఇంకా ఏయే దేశాలు, ఏ అమరికలో వాడబోతున్నాయి? ఇప్పటికే అందులో ఎవరు కాపురమున్నారు?

ముందు నీ అంచనా సంగతి చూద్దాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అంటే మనమందరం ఐటీయూ అని పిలిచే సంస్థ, 2020 నాటికి మొబైల్ సేవలకు అన్నీ కలిపి 1280 నుండి 1720 మెగాహెర్ట్జులు అవసరమవుతాయని 2006లో లెక్క కట్టింది. 2013లో మళ్లీ కట్టినప్పుడు అదే 2020కి అది 1340 నుండి 1960కి పెరిగింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడం చూశావా? చదరపు కిలోమీటరుకు ఎంత రద్దీ ఉంటుంది, టవర్లు ఎంత దగ్గరగా వేస్తారు, ఒక్కో హెర్ట్జులో ఎన్ని బిట్లు పట్టిస్తారు, ఇంట్లో వైఫైకి ఎంత మళ్లుతుంది అన్న ఊహల మీదే జవాబంతా ఆధారపడి ఉంటుంది. ఊహ కాస్త కదిలితే వందల మెగాహెర్ట్జులు అటూ ఇటూ అవుతాయి. ఎదుటి పక్షంవాళ్లు నీ జవాబుతో వాదించరు, నీ ఊహల మీదే చేయి వేస్తారు. అందుకని ఊహలన్నిటినీ అనుబంధంలో దాచకుండా నివేదిక ముందు భాగంలోనే పెట్టు. అన్నిటినీ ఒకే మొత్తంగా కూడా చూపవద్దు. సాయంత్రం ఏడు గంటలకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర ఉన్నది సామర్థ్యం కొరత. దాన్ని తీర్చేది 3300 మెగాహెర్ట్జుల పైన దొరికే వెడల్పాటి బ్యాండ్లు. అడవి మధ్య గూడెంలో ఉన్నది సిగ్నలే అందని కొరత. దాన్ని తీర్చేవి 700, 800, 900 వంటి కింది బ్యాండ్లు. ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ, యాంటెన్నాలు అవే రకమైనవైతే, ఆరుబయట కూడా సిగ్నల్ నష్టం ఆరు డెసిబెళ్లు పెరుగుతుందని నీవు కాలేజీలోనే చదువుకున్నావు. ఈ రెండు కొరతలను కలిపి ఒకే సంఖ్యగా రాస్తే ఆ సంఖ్యకు అర్థమే ఉండదు.

ఇక మొదటి ప్రశ్న. 700 బ్యాండు కథ నీకు తెలిసినదే అయినా ఈ దృష్టితో మరొకసారి చదువు. అమెరికా తన 700ను ముక్కలు ముక్కలుగా కోసి, కొన్ని ముక్కల్లో ఫోన్ కింది వైపున, మరికొన్నిటిలో పై వైపున ప్రసారం చేసేలా అమర్చుకున్నది. ఆసియా పసిఫిక్ దేశాలు బ్యాంకాక్ కేంద్రంగా ఉన్న తమ టెలికమ్యూనిటీలో కూర్చొని, 703 నుండి 748 వరకు ఫోన్ పంపడానికి, 758 నుండి 803 వరకు టవర్ పంపడానికి అని ఒకే తాటి మీదికి వచ్చాయి. రెండు వైపులా 45 మెగాహెర్ట్జులు, మధ్యలో పది ఖాళీ. బ్రెజిల్, మెక్సికో సహా లాటిన్ అమెరికాలో అధిక భాగం పక్కనున్న అమెరికాను కాదని ఈ అమరికనే తీసుకున్నది. ఐరోపా తీసుకున్న 703-733, 758-788 కూడా ఇందులోనే ఇమిడిపోతుంది. ఫోన్ లోపలి ఫిల్టర్ ఈ అమరికకు తగ్గట్టే తయారవుతుంది. ఎక్కువ దేశాలు ఒకే అమరికకు వస్తే ఆ ఫిల్టర్ కోట్లలో తయారై చవకవుతుంది, లేకపోతే ఏ తయారీదారూ దాని జోలికి రాడు. ఎనిమిది వేల రూపాయల ఫోన్ కొనే మన ఊరివాడికి, దేశాలు ఇలా ఒకే అమరికకు వచ్చే ఈ సమన్వయం అంటే ఆ ఎనిమిది వేలే. 2010లో వేలం వేసిన 2300 బ్యాండులోనూ ఇదే చూశాం: మన దేశంలో తొలి 4జీ సేవ 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో మొదలైనా, చైనా కూడా అటువైపే నడవడం వల్లనే పరికరాల వరస కట్టింది.

అయితే సమన్వయం కుదిరితే పని అయిపోయిందనుకోవద్దు. అదే 700ను మన దేశంలో 2016లో మెగాహెర్ట్జుకు 11,485 కోట్ల రిజర్వు ధరతో వేలానికి పెడితే ఒక్కరూ చేయి ఎత్తలేదు. 2021లో ధర తగ్గించినా అమ్ముడుపోలేదు. 3,927 కోట్లకు దించిన తరువాత, 2022లో గాని ఒక కొనుగోలుదారు రాలేదు. ప్రపంచమంతా ఒప్పుకున్న అమరిక మన దగ్గర ఆరేళ్లు మూలన పడి ఉన్నదంటే దోషం తరంగాలది కాదు. ధరలు నీ బృందం పని కావు, వాటిని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ప్రభుత్వం చూసుకుంటాయి. కానీ నీ నివేదికలో "దోషం తరంగాలది కాదు" అన్న వాక్యం ఒకటి ఉండాలని నా పట్టు.

రెండో ప్రశ్న మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పట్టణంలో 3.4 గిగాహెర్ట్జుల ప్రాంతంలో ఒక ప్రయోగాత్మక ట్రాన్స్‌మిటర్‌కు కాగితం మీద నేను అన్నీ సరిచూసి ఒప్పుకున్నాను. ఉపగ్రహ టీవీ ఛానెళ్లు 3.7 పైన ఉన్నాయి, మధ్యలో చాలినంత ఎడం ఉంది. పెట్టిన రెండో రోజే కేబుల్ ఆపరేటర్ ఇంటి మీది డిష్‌లో సగం ఛానెళ్లు గళ్లు గళ్లుగా విరిగిపోయాయి. ఆయన డిష్ నోట సిగ్నల్ అందుకోవడానికి ఉన్న చిన్న పరికరం, ఎల్‌ఎన్‌బీ తన ఛానెల్ ఒక్కదాన్నే వినదు, 3.4 నుండి 4.2 వరకు తలుపులు బార్లా తెరిచి అంతటినీ లోపలికి రానిస్తుంది; అర కిలోమీటరు దూరంలోని మన ట్రాన్స్‌మిటర్ దానికి చెవిలో శంఖం ఊదినట్టయింది. చివరికి ఫిల్టర్ బిగిస్తే సర్దుకున్నది గాని, నేను లెక్క వేసింది ప్రసారాల మధ్య ఎడమే, వినే పరికరం గుణం కాదని ఆ మేడ మీద నిలబడి తెలుసుకున్నాను. రెండు సేవలు పక్కపక్కన ఇమడగలవా అని చూసే ప్రతి సహజీవన అధ్యయనంలోనూ ముందు రిసీవర్ పేజీ తీయి.

24.25 నుండి 27.5 గిగాహెర్ట్జుల కథలోనూ సారాంశం ఇదే. 2019లో షర్మ్ అల్ షేఖ్ సదస్సు ఆ బ్యాండును ప్రపంచమంతటికీ మొబైల్ కోసం గుర్తించింది. దాని కింద 23.6-24 గిగాహెర్ట్జుల్లో వాతావరణ ఉపగ్రహాలు ఏమీ ప్రసారం చేయవు, గాలిలోని నీటి ఆవిరి సహజంగా వెలువరించే అతి బలహీనమైన శక్తిని వింటాయి. మన టవర్ నుండి అటు జారిన శక్తికీ ఆవిరికీ తేడా ఆ పరికరం చెప్పలేదు. బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడు కోస్తావాళ్లకు ఆ కొలత విలువ వేరే చెప్పనక్కరలేదు. చర్చ ఎంతో నడిచి, టవర్ల నుండి అటు జారే శక్తికి 200 మెగాహెర్ట్జుల్లో మైనస్ 33 డెసిబెల్ వాట్ల హద్దు (అంకె కిందికి దిగేకొద్దీ హద్దు కఠినం), 2027 సెప్టెంబరు 1 తరువాత వాడుకలోకి వచ్చేవాటికి మైనస్ 39 అని కుదిరింది.

ఇప్పుడు నీ ముందున్నవి చూడు: 4400-4800, 7125-8400 మెగాహెర్ట్జులు, 14.8-15.35 గిగాహెర్ట్జులు. పరికరాలు తయారుచేసేవాళ్లు మధ్యదాని మీద మక్కువగా ఉన్నారు, వెడల్పు చూస్తే అది సహజమే. కానీ అందులో 8025 నుండి 8400 వరకు భూపరిశీలన ఉపగ్రహాలు తమ చిత్రాలను కిందికి దింపే దారి; మన జాతీయ దూర సంవేదన కేంద్రం, అంటే ఎన్‌ఆర్‌ఎస్‌సీ షాద్‌నగర్ యాంటెన్నాలు వినేది అక్కడే. వరదలో మునిగిన పొలాల చిత్రం ఆ దారినే వస్తుంది. నీ ముసాయిదాలో ఆ పేరు ఒక్కసారి కూడా లేదు. మొత్తం బ్యాండును అడగవద్దని నేను అనడం లేదు. ఏ ముక్కను, ఎంత దూరపు రక్షణతో అడుగుతున్నామో లెక్కతో చెప్పమంటున్నాను.

సదస్సు భాష గురించి ఒక మాట. కేటాయింపు వేరు, గుర్తింపు వేరు: మొదటిది ఒక సేవకు ఆ బ్యాండులో చోటివ్వడం, రెండోది అందులో ఫలానా వాడకం రావచ్చని సూచించడం. ఒక బ్యాండును మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌కు గుర్తించినంత మాత్రాన అందులోని ఇతర సేవలకు అడ్డు లేదని, దానికి ప్రాధాన్యం రాదని రేడియో నిబంధనల్లోనే రాసి ఉంటుంది. కొత్తవాళ్లు అది మరిచి, గెలిచామని ఇంటికి ఫోన్ చేస్తుంటారు. ఆ నిబంధనల పట్టిక కింద ఉండే ఫుట్‌నోటును చులకన చేయవద్దు: 2007లో జెనీవాలో 700 బ్యాండు మన ప్రాంతమంతటికీ కుదరకపోతే, తొమ్మిది దేశాలు ఫుట్‌నోటులో పేర్లు ఎక్కించుకున్నాయి, వాటిలో మనం ఒకరం. తరువాతి ఆసియా పసిఫిక్ అమరికకు దారి పడింది ఆ చిన్న అక్షరాల్లోనే. ఇక్కడ ఓట్లు వేయడం అరుదు, అందరూ తలూపేదాకా కూర్చోవలసిందే. కాబట్టి జపాన్, కొరియా, ఇండోనేషియా, వియత్నాం ప్రతినిధులను ఆసియా పసిఫిక్ టెలికమ్యూనిటీ సన్నాహక సమావేశాల్లోనే కలిసి, వాళ్ల బ్యాండ్లలో ఎవరున్నారో అడిగి రాసుకో. చివరి వారంలో అర్ధరాత్రి కాఫీ దగ్గర చేసుకునే పరిచయాలు అప్పటికి పనికిరావు.

ముందు షాద్‌నగర్ వెళ్లు. అనుమతి పత్రానికి కొన్ని రోజులు పడుతుంది గనుక ఈ వారమే రాయి. అక్కడ యాంటెన్నా ఎన్ని డిగ్రీల వరకు కిందికి వాలుతుందో, దిగంతంలో ఏ వైపున పట్టణం పెరుగుతున్నదో అడుగు. నీ రక్షణ దూరం లెక్కకు అవి రెండూ కావాలి. వెళ్లే రోజు ముందుగా చెబితే నేనూ వస్తాను, పాత స్పెక్ట్రం ఎనలైజర్ ఇంకా బీరువాలోనే ఉంది.

నీ మామయ్య