తూకం దగ్గర తొందరపడకు, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు పీహెచ్‌డీలో జియోలైట్ల, అంటే సన్నని రంధ్రాలుండే సిలికాన్, అల్యూమినియం ఖనిజాల ఆమ్లత్వం మీద పని చేయబోతున్నావని నిన్న రాత్రి అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఆ పొడి ముట్టుకునేది నువ్వేనని ఎంత సంతోషమో, అంత టెన్షన్ కూడా.

మొదటి సంగతులు నీకు తెలిసినవే. సిలికాన్ చోట అల్యూమినియం చేరితే అక్కడ రుణావేశం మిగులుతుంది, దాన్ని సరిపెట్టే ప్రోటానే నీ ఆమ్ల కేంద్రం. అమోనియం నైట్రేట్‌తో మూడుసార్లు అయాన్ మార్పిడి చెయ్యి, అంటే జియోలైట్‌లోని సోడియం చోట అమోనియం చేర్చు, బాగా కడుగు, పొడిని పల్చగా పరిచి నెమ్మదిగా 500 డిగ్రీలకు తీసుకెళ్ళు, అమోనియా పోయి ప్రోటాన్ మిగులుతుంది. మందంగా పోస్తే ఆవిరి లోపలే చిక్కుకుని అల్యూమినియాన్ని చట్రంలోంచి లాగేస్తుంది.

ఇక నా తప్పు. నేను వై అనే రకం జియోలైట్ రెండు విడతలు చేశాను. మొదటిది ఫర్నేస్‌లోంచి తీసి, తేమ తగలనివ్వని గాజు పాత్ర డెసికేటర్‌లో చల్లార్చి వెంటనే తూచాను. రెండోది సీసాలో పోసి దసరా సెలవులకి ఇంటికెళ్ళిపోయాను, వచ్చాక తూచాను. అమోనియా టీపీడీలో, అంటే పొడికి అమోనియా పట్టించి వేడి చేస్తూ ఎంత బయటికొస్తుందో కొలిచే పరీక్షలో, గ్రాముకి ఆమ్లత్వం రెండోదానికి ఐదో వంతు తక్కువ వచ్చింది. అయాన్ మార్పిడే చెడిందనుకున్నాను. ఉప్పు మార్చాను, నీళ్ళు మార్చాను, నాలుగు నెలలు అదే పని. ఒక సాయంత్రం చల్లారిన పొడి 0.1000 గ్రాములు తూచి, నోట్‌బుక్‌లో రాసుకుని తలెత్తేసరికి 0.1008. ఇంకాసేపటికి 0.1015. బ్యాలెన్స్ తలుపులు మూశాను, అయినా ఆఖరి అంకె పెరుగుతూనే ఉంది. పొడి నా కళ్ళ ముందే వైజాగ్ గాలిలో తేమ తాగుతోంది తల్లీ! వై జియోలైట్ బరువులో నాలుగో వంతు దాకా నీరే ఉండొచ్చు. 1756లో క్రాన్‌స్టెట్ ఆ రాయిని వేడి చేస్తే ఆవిరి పొంగిందనే దానికి 'మరిగే రాయి' అని గ్రీకులో పేరు పెట్టాడు. అది నాకు కంఠతా వచ్చు, తూకం దగ్గర గుర్తు రాలేదు. రెండో విడతలో నీటి బరువునీ జియోలైట్ బరువుగానే లెక్కేశాను, అందుకే గ్రాముకి తక్కువ వచ్చింది.

కాబట్టి టీజీఏ చేసి, అంటే వేడి చేస్తూ ఎంత బరువు తగ్గుతుందో చూసి, నీరు పోయాక మిగిలే బరువు మీదే లెక్క కట్టు. నీది జెడ్‌ఎస్‌ఎమ్-5 అనే రకం జియోలైట్ అట, సిలికాన్ ఎక్కువ కాబట్టి తక్కువ తాగుతుంది, అలాగని వదిలేయకు.

టీపీడీ ఒక్కదాన్నే నమ్మకు. అమోనియా చిన్న అణువు, ప్రోటాన్ ఇచ్చే బ్రాన్‌స్టెడ్ కేంద్రానికీ, ఎలక్ట్రాన్ జంటని తీసుకునే లూయిస్ కేంద్రానికీ అంటుకుంటుంది, ఏది ఏదో చెప్పదు. పొడికి పిరిడిన్ అనే ద్రవం ఆవిరి పట్టించి ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) వర్ణపటం తీస్తే 1545 సెం.మీ⁻¹ దగ్గర బ్రాన్‌స్టెడ్, 1450 దగ్గర లూయిస్ విడివిడిగా కనిపిస్తాయి. ఆమ్లత్వం ఎక్కువైతే చర్య కూడా ఎక్కువవుతుందని రాసెయ్యకు, జెడ్‌ఎస్‌ఎమ్-5 రంధ్రం సుమారు 5.5 ఆంగ్‌స్ట్రామ్‌లే, అణువు లోపలికి వెళ్ళలేకపోతే కేంద్రాలు ఎన్నుండి ఏం లాభం.

ఆ పిరిడిన్ సీసా మాత్రం ఆవిర్లు బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ బయట తెరిచావో, నీతో మాట్లాడను. 2020 మే 7 తెల్లవారుజామున వైజాగ్‌లో గ్యాస్ లీకైనప్పుడు గోపాలపట్నంలో మేం తడి గుడ్డ ముక్కుకి కట్టుకుని మెట్లు దిగిన సంగతి నీకూ తెలుసు. ఆ రోజు లీకైన స్టైరీన్‌కి ముడిసరుకు ఇథైల్ బెంజీన్, దాన్ని ఈ రోజుల్లో ఎక్కువగా జియోలైట్ల మీదే తయారు చేస్తారు. నువ్వు నేర్చుకునేది అంత పెద్ద పని, అందుకే భయం. రాత్రి ఫర్నేస్ దగ్గర ఒక్కదానివే ఉండకు, ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, పెదనాన్న వచ్చి తీసుకొస్తారు.

నా పాత డెసికేటర్ అటక మీంచి దింపి, మూత అంచుకి గ్రీజు రాసి ఉంచాను. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. అందులో సిలికా జెల్ నీలంగానే ఉందో, గులాబీ రంగుకి తిరిగిందో రోజూ చూసుకో.

నీ పెద్దమ్మ