మసాయి మారా చేరిన రోజు సాయంత్రమే సఫారీకి వెళ్లాలా, విశ్రాంతి తీసుకోవాలా?

ఆగస్టులో అరవై దాటిన అమ్మానాన్నలతో నైరోబీ నుంచి రోడ్డు మీద కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణి రిజర్వుకి వెళ్తున్నామన్నారు. చేరేసరికే మధ్యాహ్నం దాటుతుంది కాబట్టి ఆ సాయంత్రం సఫారీ మానేసి పడుకుంటే పోయేదేమైనా ఉందా అని మీ ప్రశ్న. ఉంది, మానకండి. మేం కూడా ఆగస్టులోనే, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారితో వెళ్లాం. ఇప్పటికీ ఆవిడ ఎవరికైనా చెప్పేది ఆ మొదటి సాయంత్రం కబుర్లే.

కాకపోతే అప్పటికి ఒంట్లో ఓపిక మిగలాలి. నైరోబీ నుంచి మారాలోకి వెళ్లే సెకెనాని గేటుకి ఐదారు గంటల దారి. మధ్యలో రిఫ్ట్ వ్యాలీ అంచున బళ్లన్నీ ఆపుతారు. కింద అంత పెద్ద లోయ, దూరంగా లాంగొనాట్ అగ్నిపర్వతం. ఫొటోలు తీసుకోండి గానీ అక్కడి కొట్లలో వాళ్లు చెప్పిన ధరకి మాత్రం ఏదీ కొనకండి. తర్వాత నారోక్ వస్తుంది. ఈ దారిలో చివరి పెద్ద ఊరు అదే. ఏటీఎం, మందుల షాపు, బాత్రూం, అన్ని పనులూ అక్కడే కానిచ్చుకోండి. గేటు దాకా తారురోడ్డే, లోపల అంతా మట్టి దారులు. ఆ కుదుపులకి డ్రైవర్లు ‘ఆఫ్రికన్ మసాజ్’ అని పేరు పెట్టుకుని, ఎక్కిన ప్రతివాళ్ల మీదా అదే జోకు వేస్తుంటారు. పెద్దవాళ్లని వెనక చక్రాల మీద వచ్చే సీట్లో కూర్చోబెట్టకండి. డ్రైవర్ వెనక వరసే నయం.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. 2024లో పెంచిన రేట్ల ప్రకారం విదేశీయులకి ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకి మనిషికి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకానే చెల్లుతుంది. నాలుగింటికి గేటు దాటినా రోజు మొత్తానికి కట్టాల్సిందే. మీ క్యాంపు రిజర్వు లోపలే ఉంటే ఎలాగూ ఆ టికెట్ కట్టే వెళ్తారు, అప్పుడు పడుకోవడమంటే 200 డాలర్లు పోసి పడుకోవడమే! క్యాంపు గేటు బయట ఉంటే మాత్రం, మొదటి సాయంత్రం టికెట్ కూడా ప్యాకేజీలో కలిసి ఉందో లేదో ముందే మెయిల్లో రాయించుకోండి. నోటిమాటగా వదిలేస్తే అక్కడికెళ్లాక ‘అలసిపోయారు కదా, రేపు పొద్దున వెళ్దాం’ అనేస్తారు.

సరే, నాలుగింటికి బయల్దేరారు అనుకుందాం. మొదటి అరగంట కనబడిన ప్రతి జీబ్రాకీ ‘ఆపు ఆపు’ అంటారు. గంట గడిచాక జీబ్రా ఎదురొచ్చినా తల తిప్పరు. అందరూ ఇంతే. డ్రైవర్ల దగ్గర రేడియోలుంటాయి, ఒకరికి సింహం కనబడితే చుట్టుపక్కల బళ్లన్నీ అటే పరుగు. దాని వెంట పడొద్దని, తాపీగా తిప్పమని మొదటి రోజే మీ డ్రైవర్‌కి చెప్పేయండి. సింహాలు రోజులో 18–20 గంటలు పడుకునే ఉంటాయి, మర్నాడైనా అలాగే పడుకుని కనిపిస్తాయి. వైల్డ్‌బీస్ట్ (జింకల కోవకి చెందిన జంతువు) మందలు నది దాటడం చూడాలని కూడా ఆ సాయంత్రం పట్టుబట్టకండి. సెకెనాని వైపు నుంచి మారా నదికి వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రావడం కష్టం.

మేం ఒక ఏనుగుల గుంపు దగ్గర ఇంజన్ ఆపించి కూర్చున్నాం. దగ్గర్లో ఉన్న ఆడ ఏనుగు (అక్కడ ఆడవాటికీ పొడుగు దంతాలుంటాయి) తొండంతో గడ్డి దుబ్బు చుట్టి, ముందు కాలి గోళ్లతో తన్ని పీకి, వేళ్లకున్న మట్టి రాలేలా కాలికేసి కొట్టి, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. గడ్డి తెగుతున్న చప్పుడు బండిలోకి వినబడుతోంది. ‘తోటకూర కట్ట దులిపినట్టు దులుపుతోందే!’ అన్నారు మా అత్తగారు. కాస్త ముందుకెళ్లాక తుమ్మ కొమ్మ మీద లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ కనబడింది. మన పాలపిట్టకి దగ్గరి చుట్టం, ప్రజాతి ఒకటే. అది ఎగిరి రెక్కల్లో నీలం కనబడగానే, దసరా ఇంకా రెండు నెలలుందన్న సంగతి పక్కనపెట్టి ఆవిడ రెండు చేతులూ జోడించేశారు. ఈ మనిషికి ఏమైందా అని డ్రైవర్ అద్దంలోంచి చూస్తున్నాడు. సింహాల కోసం పరుగులు పెట్టి ఉంటే ఈ రెండూ మాకు దక్కేవి కావు.

భూమధ్యరేఖకి దగ్గర కదా, ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు దిగాడంటే చీకటి గబగబా కమ్మేస్తుంది. ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని పల్చటి బట్టలతో వెళ్లకండి, మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. పెద్దవాళ్లకి స్వెట్టరు, మఫ్లరు బండిలోనే ఉండాలి.

క్యాంపు గురించి అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి. చాలా క్యాంపులకి కంచె ఉండదు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్లాలన్నా కాపలా మనిషి టార్చితో వచ్చి తీసుకెళ్తాడు, సొంతంగా బయటికి రాకూడదు. రాత్రి హైనాలు అరుస్తాయి, అది టెంటు పక్కనే అన్నట్టు వినబడుతుంది. పగలైనా టెంటు జిప్పు తీసి వదిలేస్తే కోతులు దూరి మనకంటే ముందే తినేస్తాయి. తిండికి భయం లేదు. చపాతీ అక్కడివాళ్లకీ రోజువారీ తిండే, సుకుమా వికి అని ఆకుకూర వేపుడు, చిక్కుడుగింజల కూర దొరుకుతాయి. ఆవకాయ తీసుకెళ్లండి గానీ క్యారీబ్యాగుల్లో చుట్టకండి, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. హైదరాబాద్ అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ అంటారు.

మర్నాడు ఆరింటికల్లా బండి కదలాలి. వాళ్ల టైం మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ నాలుగున్నర అంటే ఇక్కడ ఏడు. అమ్మానాన్నలు మీకంటే ముందే లేచి కూర్చుంటారు. రాత్రే చెప్పి ఉంచితే ఆ వేళకి టెంటు దగ్గరికే టీ తెచ్చిస్తారు.